సముద్రంలో పట్టిన చేప ఎవరిది?



మత్స్యావతారం వీడియో చూసినవాళ్ళకి సత్యవ్రత మహారాజు గుర్తుండే ఉంటాడు. కృతమాలా నదిలో నిలబడి తర్పణం వదులుతుంటే ఆయన దోసిట్లోకి ఒక చిన్న చేపపిల్ల వస్తుంది. ఆయన దాన్ని నీళ్ళతో పాటే మళ్ళీ నదిలో వదిలేస్తాడు. అప్పుడు ఆ చేప మొర పెట్టుకుంటుంది: ఇక్కడ పెద్ద చేపలు నన్ను మింగేస్తాయి, ఇలా వదిలేస్తే ఎలా అని. అప్పుడు గానీ రాజు దాన్ని కమండలంలోకి తీసుకోడు.

ఆ వీడియో చూసి మా ఆఫీసులో ఒకతను నవ్వుతూ ఒక మాట అన్నాడు. "అంటే మీ రాజుగారు ముందు క్యాచ్ అండ్ రిలీజ్ చేశారన్నమాట." మేమిద్దరం అంతకు కొన్ని నెలల ముందే హవాయిలో చేపల వేట పడవ ఎక్కి వచ్చాం, అందుకే అతనికి ఆ పోలిక తట్టింది. నవ్వి ఊరుకున్నాను గానీ, ఆ మాట తర్వాత చాలా రోజులు బుర్రలో తిరిగింది. వదిలేయడం ఒక పని. ఆ ప్రాణం బాధ్యత తీసుకోవడం ఇంకో పని. పట్టుకుని ఇంటికి తెచ్చుకునేవాడికీ, వదిలేసి ఫోటో తీసుకునేవాడికీ ఈ రెండో ప్రశ్న తప్పదు. ఈ వారం పోస్ట్ దాని గురించే.

ముందే ఒక మాట. చేపలు తినొచ్చా, తినకూడదా అనే చర్చ ఇక్కడ పెట్టట్లేదు. మన ఛానల్ చూసేవాళ్ళలో రెండు రకాల వాళ్ళూ ఉన్నారు. మా ఇంట్లోనే ఉన్నారు. అమ్మ కార్తీకమాసం మొత్తం, మిగతా రోజుల్లో శనివారాలు నీచు ముట్టదు. నాన్నకి చేపల పులుసు లేకపోతే అది ఆదివారమే కాదు. ఇద్దరూ ఒకే వంటింట్లో ముప్పై ఏళ్ళుగా కాపురం చేస్తున్నారు. వాళ్ళు తేల్చుకోని విషయాన్ని నేను తేల్చను. వాల్మీకి రామాయణంలో గుహుడు భరతుణ్ణి చూడటానికి వెళ్తూ చేపలు, మాంసం, తేనె కానుకగా తీసుకెళ్తాడు. తను నది మీద బతికేవాడు, తన దగ్గర ఉన్నది ఇచ్చాడు. తినే వాళ్ళ లోపల కూడా ఒక ధర్మం ఉంటుంది కదా, నా ప్రశ్న అక్కడ మొదలవుతుంది.

ఇక కోనా సంగతి. హవాయి ద్వీపాల్లో అన్నిటికన్నా పెద్దదాని పేరు కూడా హవాయే. గందరగోళం లేకుండా అందరూ దాన్ని బిగ్ ఐలాండ్ అంటారు. దాని పడమటి తీరం కోనా. మౌనా లోవా, హువాలాలై అనే అగ్నిపర్వతాలు తూర్పు నుంచి వచ్చే గాలిని అడ్డుకుంటాయి కాబట్టి అటు సముద్రం చాలా రోజులు చెరువులా ఉంటుంది. పైగా ఒడ్డు దాటిన కాసేపటికే లోతు వేల అడుగులకి దిగిపోతుంది. మిగతా చోట్ల నడిసముద్రంలోకి గంటలు గంటలు వెళ్తే గానీ దొరకని పెద్ద చేపలు ఇక్కడ కొండ కనబడేంత దూరంలోనే తిరుగుతాయి. అందుకే 1959 నుంచి అక్కడ కొమ్ము చేపల పోటీలు జరుగుతున్నాయి. కొమ్ము చేప అంటే బ్లూ మార్లిన్. మన విశాఖ వైపు కొమ్ముకోనాం అంటారే, ఆ జాతిదే.

నలుగురం కలిసి హోనోకొహావు హార్బర్ నుంచి ఒక పడవ మాట్లాడుకున్నాం. కెప్టెన్, ఒక సహాయకుడు, మేము నలుగురం. మాకు మార్లిన్ పడలేదు. రెండు మహిమహి, ఒక ఓనో పడ్డాయి. పట్టాం అంటున్నాను గానీ నిజానికి పట్టింది వాళ్ళు. పడవ ఎటు తిప్పాలో, ఏ పక్షులు ఎక్కడ వాలుతున్నాయో, ఏ రంగు ల్యూర్ ఏ తాడుకి కట్టాలో అంతా వాళ్ళకే తెలుసు. మేం కుర్చీలో కూర్చుని రీలు తిప్పాం.

మహిమహి గురించి చెప్పాలి. నీళ్ళలోంచి పైకి వచ్చేటప్పుడు దాని ఒళ్ళు బంగారం రంగు, వీపు మీద నీలం, పక్కలకి ఆకుపచ్చ చుక్కలు. కెమెరాకి సరిగ్గా దొరకని రంగులు. పడవలో పడ్డాక ఆ రంగులు కళ్ళ ముందే మారిపోతాయి. నీలం పోతుంది, కాసేపు వెండిలా తెల్లబడుతుంది, మళ్ళీ పసుపు అల లాగా వస్తుంది, చివరికి బూడిద రంగు. కొన్ని నిమిషాలే. ఐసు పెట్టెలోకి వెళ్ళే చేప, తాడుకి దొరికిన చేప ఒకటి కాదన్నట్టు ఉంటుంది. దుకాణంలో కొనే చేపని మనం ఎప్పుడూ ఆ బూడిద రంగు తర్వాతే చూస్తాం. ప్రాణం పోవడం అంటే రంగు పోవడం అని అంత స్పష్టంగా చూడటం నాకు అదే మొదటిసారి. పడవ సహాయకుడు మాత్రం ఒక్క క్షణం ఆగి, చేప మీద చెయ్యి వేసి, ఏదో గొణుక్కుని పెట్టె మూత వేశాడు. ఏమన్నాడో నేను అడగలేదు. అడగకూడదనిపించింది.

హార్బర్‌కి వచ్చాక గొడవ. గొడవ అంటే అరుచుకోవడం కాదు, ముఖాలు ముడుచుకోవడం. కెప్టెన్ ఒక మహిమహిని కోసి, రెండు జిప్‌లాక్ సంచుల్లో పెట్టి మాకిచ్చాడు. మూడు కిలోలు ఉంటుందేమో. ఓనో, రెండో మహిమహి పడవవి అన్నాడు. మాలో ఒకతనికి ఇది అస్సలు నచ్చలేదు. మనిషికి కొన్ని వందల డాలర్లు కట్టాం, మన తాడుకి పడ్డ చేప, అది ఆయన అమ్ముకోవడం ఏంటి అని.

అక్కడ పద్ధతి అది. హవాయిలో టూరిస్టుల్ని వేటకి తీసుకెళ్ళే పడవని కూడా వ్యాపార వేట కిందే లెక్కేస్తారు, దానికి లైసెన్సు ఉంటుంది, పట్టిన చేప అమ్ముకునే హక్కు ఉంటుంది. చాలా పడవల మీద చేప పడవదే, వచ్చినవాళ్ళకి ఒక పూట రెండు పూటలకి సరిపడా ఇస్తారు. ఫ్లోరిడా వైపు ఆచారం వేరు, అక్కడ లైసెన్సు, లిమిట్ లోపల పట్టిన చేప డబ్బు కట్టినవాళ్ళది. అక్కడికి వెళ్ళి వచ్చినవాళ్ళు కోనాలో ఇలా ఆశ్చర్యపోతుంటారు.

మా వాడి వాదన సాఫ్ట్‌వేర్ వాడి వాదన. సర్వీస్‌కి డబ్బు కట్టాను, అవుట్‌పుట్ నాది. నేను అన్నాను, మనం కంపెనీలో రాసే కోడ్ మనదా మరి? మన వేళ్ళే కదా కొట్టింది. అది కంపెనీదే అని చేరిన రోజే సంతకం పెట్టాం. "సంతకం పెట్టించుకున్నారు కదా, ఇక్కడ ఎవరూ చెప్పలేదే" అన్నాడు వాడు. ఆ మాట మాత్రం న్యాయం. చేప ఎవరిదో ముందు చెప్పకపోవడం పడవ వాళ్ళ లోపమే. ముందే చెప్పే పడవలు కూడా ఉన్నాయి, బుకింగ్ పేజీలోనే రాస్తారు.

అయినా నాకు అర్థమైనంతలో, మేం కొనుక్కున్నది ఒక రోజు. డీజిలు, ఐసు, గాలాలు, ఇద్దరు మనుషుల ఇరవై ఏళ్ళ అనుభవం, ఇవి అద్దెకి తీసుకున్నాం. చేప ఆ బిల్లులో లేదు. చేపని ఎవరూ తయారు చెయ్యలేదు. భగవద్గీత మూడో అధ్యాయంలో ఒక వింత మాట ఉంది. ఇచ్చినవాళ్ళకి తిరిగి వాటా పెట్టకుండా తానొక్కడే అనుభవించేవాణ్ణి దొంగ అంటాడు కృష్ణుడు. ఎవరి జేబూ కొట్టనివాణ్ణి దొంగ అనడం ఏంటి అని నేను చదువుకునే రోజుల్లో అనుకునేవాణ్ణి. ఆ ఐసు పెట్టె ముందు నిలబడ్డాక ఆ మాట కొంచెం వేరేగా వినబడింది. డబ్బు కట్టాను కాబట్టి మొత్తం నాదే అనే మాటలో సముద్రానికి వాటా లేదు, కెప్టెన్ ఇంట్లోవాళ్ళకి లేదు, ఆ దీవిలో ఆ సాయంత్రం చేప కొనుక్కునేవాడికి లేదు.

మిగతా రెండు చేపలు ఎటు పోయాయో ఊహించడం కష్టం కాదు. అదే ఊళ్ళో ఏదో హోటల్‌కో, దుకాణానికో. ఆ దీవిలోనే ఎవరో తిని ఉంటారు. మా చేతికి వచ్చి ఉంటే నలుగురం హోటల్ ఫ్రిజ్‌లో కుక్కి, సగం పారేసి విమానం ఎక్కేవాళ్ళం. హక్కు ఎవరిదో పక్కన పెట్టినా, ఆ చేప వృథా కాకుండా చూడగలిగే స్థితిలో ఉన్నది ఆయనే, మేం కాదు.

మాకొచ్చిన మూడు కిలోల సంగతి ఇంకా బావుంటుంది. మేం దిగిన గదుల్లో చిన్న వంటిల్లు ఉంది. చింతపండు, కారం నా సూట్‌కేసులో ఎప్పుడూ ఉంటాయి, దీనికి మా అమ్మని తప్పు పట్టండి. పులుసు పెట్టాను. కెప్టెన్ దగ్గర అడిగి తలకాయ, ముల్లు కూడా తెచ్చుకున్నాను, ఆయన ఎలాగూ సముద్రంలో వేసేసేవాడే. కానీ తలకాయ మా గిన్నెలో పట్టలేదు. పొద్దున్నే గదులు శుభ్రం చేసే ఆవిడ వచ్చింది. ఫిలిప్పీన్స్ నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. అమ్మ వయసు ఉంటుంది. ఫ్రిజ్‌లో తలకాయ చూసి, పారేస్తారా అని అడిగింది. తీసుకెళ్ళండి అన్నాం. దాంతో ఏం చేస్తారని అడిగితే సినిగాంగ్ అంది. చింతపండు వేసి పుల్లగా కాచే చారు అది. నేను స్టవ్ మీద ఉన్న మా గిన్నె మూత తీసి చూపించాను. ఒక చెంచా రుచి చూసి, కారం ఎక్కువైంది గానీ ఇది మా వంటే అంది.

ఆవిడకి ఆ తలకాయ మిగులు కాదు, ఇష్టమైన ముక్క. ఫిల్లెట్ ఇస్తే మర్యాదకి తీసుకునేదేమో.

ఇక్కడ దానం అనే మాట గురించి ఒక విషయం మాట్లాడుకోవాలి. అమెరికాలో మన తెలుగువాళ్ళు ఫ్లోరిడా కీస్‌కో, మెక్సికో వైపుకో వేటకి వెళ్ళడం ఈ మధ్య బాగా పెరిగింది. వాట్సాప్ గ్రూపుల్లో ఫోటోలు చూస్తుంటాను. పడవ అంచున వరసగా పరిచిన చేపలు, కింద "లిమిట్ కొట్టేశాం" అని. ఫ్లోరిడాలో అట్లాంటిక్ వైపు రాష్ట్ర జలాల్లో మహిమహికి ఒకప్పుడు మనిషికి 10 లిమిట్ ఉండేది, 2022లో దాన్ని 5కి తగ్గించారు. ఎందుకు తగ్గించారో ఆలోచించని వాళ్ళకి అయిదు అనేది చేరుకోవాల్సిన స్కోరు. మేం పనిలో రోజూ చూసే విషయమే ఇది. ఒక సర్వర్‌కి నిమిషానికి వంద రిక్వెస్టులు రేట్ లిమిట్ పెడితే, వంద పంపి తీరాలని కాదు అర్థం, అది దాటితే సర్వర్ పడిపోతుందని. లిమిట్ అవతలివాడి ఓపిక కొలత. మన ఆకలి కొలత వేరే ఉంటుంది.

"ఎక్కువైతే పంచుతాం కదా" అంటారు. అవును, పంచుతారు. ఎప్పుడు? ముందు డీప్ ఫ్రీజర్ నిండుతుంది. రెండు నెలలు వారం వారం చేప. తర్వాత పిల్లలు మొహం తిప్పేసుకుంటారు. ఆరో నెలలో కొత్త ట్రిప్ దగ్గర పడుతుంటే చోటు కావాలి కాబట్టి, మంచు పట్టి అంచులు తెల్లబడిన ప్యాకెట్లు పక్కింటివాళ్ళకి, కొత్తగా వచ్చిన స్టూడెంట్లకి వెళ్తాయి. తీసుకున్నవాళ్ళు థ్యాంక్స్ కూడా చెప్తారు.

కఠోపనిషత్తులో నచికేతుడి కథ అందరికీ తెలిసిందే. యముడి దగ్గరికి వెళ్ళిన భాగమే మనకి ఎక్కువ గుర్తుంటుంది. కానీ కథ మొదలయ్యేది ఆవుల దగ్గర. తండ్రి యజ్ఞం చేసి ఆవుల్ని దానం ఇస్తున్నాడు. అవి నీళ్ళు తాగడం అయిపోయిన, మేత మేయడం అయిపోయిన, పాలు ఇవ్వడం అయిపోయిన ఆవులు. పిల్లాడు అది చూస్తాడు. ఇదేం దానం, మరి నన్నెవరికి ఇస్తావు అని తండ్రిని అడుగుతాడు, మళ్ళీ మళ్ళీ అడుగుతాడు. ఉపనిషత్తు అంతా ఆ పిల్లాడి అనుమానంలోంచే పుట్టింది. ఆ ఫ్రీజర్ ప్యాకెట్లు చూసినప్పుడల్లా నాకు ఆ ఆవులే గుర్తొస్తాయి. మనకి అక్కర్లేదు కాబట్టి ఇచ్చేది చోటు ఖాళీ చేసుకోవడం. దానికి పంచడం అనే పెద్ద పేరు ఎందుకు?

అందుకే నాకు తోచేది, పంచుకోవడం చేప పడ్డాక మొదలయ్యే పని కాదు. గాలం నీళ్ళలో వెయ్యక ముందే, ఇవాళ ఎంతమంది తింటారు, ఎవరెవరికి ఇస్తాం అనేది మనసులో ఉండాలి. అది ఉంటే ఎక్కడ ఆపాలో తెలుస్తుంది. అది లేకుండా పట్టి, తర్వాత పది ఇళ్ళకి పంచితే పట్టినంతా సమంజసం అయిపోదు. మా నాన్న దీనికి ఒకే ముక్కలో జవాబు చెప్తాడు, తిలా పాపం తలా పిడికెడు అని. ఆయన నవ్వుతూ అంటాడు గానీ అందులో లెక్క ఉంది. పంచితే పాపం పిడికెళ్ళుగా విడిపోతుందే గానీ తగ్గదు.

ఇవ్వడంలో ఇంకో సంగతి ఉంది, ఇది మాత్రం ఆరోగ్యానికి సంబంధించింది కాబట్టి జాగ్రత్తగా చదవండి. ఉష్ణమండల సముద్రాల్లో పగడపు దిబ్బల దగ్గర పెరిగే ఒక సూక్ష్మజీవి నుంచి సిగ్వాటెరా అనే విషం చిన్న చేపల్లోకి, వాటిని తినే పెద్ద చేపల్లోకి చేరుతుంది. బారాకుడా, పెద్ద గ్రూపర్లు, ఆంబర్‌జాక్ లాంటివాటిలో ఇది ఎక్కువ. వాసన ఉండదు, రుచి మారదు, ఉడికించినా ఫ్రీజ్ చేసినా పోదు. వాంతులు, విరేచనాలతో పాటు చల్లటివి తాకితే కాలినట్టు అనిపించే వింత లక్షణం కూడా ఉంటుంది. ట్యూనా, మహిమహి లాంటివాటితో వేరే ప్రమాదం. పట్టగానే ఐసులో పెట్టకపోతే వాటిలో హిస్టమిన్ పేరుకుంటుంది, అది కూడా వండితే పోయేది కాదు. పెద్ద మార్లిన్‌లో పాదరసం ఎక్కువ, అందుకే గర్భిణులు, పాలిచ్చే తల్లులు, చిన్నపిల్లలు తినకూడని చేపల్లో అమెరికా ఎఫ్‌డీఏ దాన్ని చేర్చింది. మరి మనం ప్యాకెట్ ఇచ్చేటప్పుడు ఇది ఏ చేప, ఎక్కడ పట్టాం, ఎప్పటిది అని చెప్తున్నామా? తీసుకునేవాళ్ళు మొహమాటానికి అడగరు. పక్కింటి కోడలు కడుపుతో ఉందని మనకి తెలియకపోవచ్చు. చేప మీద పేరు, తేదీ రాసి ఇవ్వడానికి ఒక స్కెచ్ పెన్ చాలు.

ఇక వదిలేసేవాళ్ళ సంగతి. వెయ్యి పౌండ్లు దాటిన మార్లిన్‌ని అక్కడ గ్రాండర్ అంటారు, అదొక పెద్ద బిరుదు. మార్లిన్లలో మగవి అంత పెరగవు. కాబట్టి గ్రాండర్ అంటే తల్లి చేపే. ఎన్నో ఏళ్ళు సముద్రంలో బతికి లక్షల గుడ్లు పెట్టే తల్లి. అలాంటిదాన్ని చంపి తూకం వేయడం కన్నా ట్యాగ్ వేసి వదిలేయడం మేలని ఇప్పుడు చాలామంది కెప్టెన్లు అనుకుంటున్నారు. కోస్టారికాలో అయితే వదిలేసే కొమ్ము చేపని ఫోటో కోసం నీళ్ళలోంచి పైకి ఎత్తకూడదని నియమమే ఉంది. ఇవన్నీ మంచివే. కానీ "మేం చంపం, వదిలేస్తాం, కాబట్టి మాకు దోషం లేదు" అనే మాట దగ్గర నేను ఆగిపోతాను. గంట సేపు గాలానికి లాగబడి, అలసిపోయి నీళ్ళలోకి వెళ్ళిన చేపల్లో కొన్ని తర్వాత చచ్చిపోతాయి. మన కళ్ళకి కనబడదు, అంతే. తినేవాడు ఆకలి కోసం బాధ పెట్టాడు. వదిలేసేవాడు సరదా కోసం బాధ పెట్టాడు. ఇద్దరిలో ఎవరిది తక్కువ?

నిజాయితీగా చెప్తున్నాను, నాకు ఇది తేలలేదు. సముద్రం వైపు నుంచి చూస్తే వదిలేయడమే మంచిది, తల్లి చేప బతికే అవకాశం ఉంది. ఆ ఒక్క చేప వైపు నుంచి చూస్తే, తినే అవసరం లేనప్పుడు గాలం వెయ్యకపోవడమే మంచిది. మహాభారతంలో ధర్మవ్యాధుడు మాంసం దుకాణంలో కూర్చుని కౌశికుడికి ధర్మం చెప్తాడు. నాగలి దున్నితే నేలలో ఎన్ని ప్రాణులు చస్తాయో చూడు అంటాడు, హింస లేకుండా ఎవరూ బతకట్లేదు అంటాడు. చాలామంది ఆ మాటని "కాబట్టి ఏం చేసినా పర్లేదు" అన్నట్టు వాడతారు. ఆయన చెప్పింది అది కాదు. ఎవరి చేతులూ పూర్తిగా శుభ్రం కాదు కాబట్టి నేను శుద్ధం అని గర్వపడటం మానెయ్, చేసే పని జాగ్రత్తగా చెయ్యి అన్నాడు. వదిలేసేవాడి గర్వానికి కూడా ఇది వర్తిస్తుంది.

మార్లిన్ విషయంలో చట్టం చేసిన ఒక పని నాకు నచ్చింది. అమెరికా 2012లో కొమ్ము చేపల అమ్మకం ఆపేస్తూ చట్టం తెచ్చింది, హవాయికి, పసిఫిక్ దీవులకి మినహాయింపు ఇచ్చింది. ఆ మినహాయింపు అడ్డం పెట్టుకుని హవాయి చేప ప్రధాన భూభాగానికి వెళ్తుండేది. 2018లో దాన్ని సవరించారు. ఇప్పుడు అక్కడ దిగిన కొమ్ము చేప అక్కడే తినాలి, బయటికి అమ్మకూడదు. ఎవరి సముద్రంలో తగ్గుతుందో వాళ్ళ పళ్ళెంలోకే ముందు వెళ్ళాలి అన్నమాట.

పంచుకోవడం ముందే మొదలవుతుంది అన్నాను కదా, ఆ మాట నాకు పూర్తిగా అర్థమైంది కోనాకి దక్షిణాన ఉన్న మిలోలీ అనే చిన్న ఊరి గురించి తెలిశాక. అక్కడ ఓపెలు అనే చిన్న చేప పడతారు. పాతకాలం నుంచి వాళ్ళ పద్ధతి ఏంటంటే, చేపలు గుంపు కట్టే చోట్లకి నెలల తరబడి వెళ్ళి, చేమదుంప, గుమ్మడికాయ లాంటివి మెత్తగా చేసి మేపుతారు. ఆ కాలంలో వల వెయ్యరు. రోజూ పడవ రావడం, తిండి పెట్టడం చేపలకి అలవాటవుతుంది. కాలం వచ్చాక వల దించుతారు, అది కూడా ఆ గుంపు మిగిలేట్టు. ముందు పెట్టడం, తర్వాత తీసుకోవడం. మీలో కొందరికి ఇది మోసంలా అనిపించవచ్చు, మేపి పట్టడం. మనం ఆవుని మేపి పాలు తీసుకోవడం లాంటిదని నేను అనుకున్నాను. ఆలోచిస్తే రెండూ కొంచెం నిజమే. పూర్వం అక్కడ ఓపెలు పట్టే కాలంలో ఆకు అనే ట్యూనా జాతి చేపని పట్టకూడదు, ఆకు పట్టే కాలంలో ఓపెలు పట్టకూడదు. తీరాల్లో కూఉలా అనే రాతి గుడి దగ్గర మొదటి చేపని దేవుడికి పెట్టేవారు. ఊరంతా కలిసి పెద్ద వల ఒడ్డుకి లాగే హుకిలావు అనే పద్ధతి ఉంది, తాడు పట్టుకున్న ప్రతివాళ్ళకీ వాటా ఉంటుంది.

ఇది చదివితే మన తీరం వాళ్ళకి అలివి వల గుర్తు రావాలి. ఒడ్డున రెండు వైపులా జనం నిలబడి తాళ్ళు లాగుతారు. చెయ్యి వేసినవాడికి ఎంతో కొంత చేప దక్కుతుంది. పడవకి వాటా, వలకి వాటా, మనిషికి వాటా. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మన తూర్పు తీరంలో మర పడవల వేట ఆపుతారు, చేపలు గుడ్లు పెట్టే కాలం అని. పడవ ఆగితే ఆ ఇంట్లో పొయ్యి మీద ప్రభావం పడుతుంది, అయినా ఆపుతారు. వేట బతుకుదెరువు అయినవాళ్ళే రెండు నెలలు ఆగగలిగినప్పుడు, సరదాకి వెళ్ళేవాళ్ళం మూడో చేప దగ్గర ఆగలేమా అనిపిస్తుంది నాకు.

డిసెంబర్‌లో మళ్ళీ వెళ్దామని మావాళ్ళు అంటున్నారు. ఈసారి బుక్ చేసే ముందు కెప్టెన్‌కి మెసేజ్ పెట్టాం. చేప ఎవరిది, మాకెంత ఇస్తారు, మార్లిన్ పడితే వదిలేస్తారా, తలకాయ మాకిస్తారా అని. మూడు ప్రశ్నలకి సూటిగా జవాబిచ్చాడు. నాలుగోదానికి నవ్వే బొమ్మ పెట్టి, ఎన్ని కావాలి అని అడిగాడు. ఒకటి చాలు అన్నాం. ఆవిడ ఇంకా అక్కడే పని చేస్తోందో లేదో కనుక్కోవాలి.